తీగ తీసేశాక

"నువ్వు దాన్ని కెలక్కు. సాయంత్రం నేనొచ్చి చూస్తాను," అన్నారు మా ఆయన చెప్పులు వేసుకుంటూ. ఆ డబ్బా మా ఇంటికొచ్చి అప్పటికే వారం దాటింది. ఆ వారంలో సాయంత్రాలు కూడా వచ్చాయి, పోయాయి.

అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా అది. ఒక పక్క పొట్టి యాంటెనా, రెండో పక్క తొమ్మిది పిన్నుల సాకెట్టు, మూలన సూదిమొన దూరేంత రంధ్రం. దాన్ని ఎంబ్రాయిడరీ మెషీన్‌కి తగిలిస్తే, కంప్యూటర్‌లో ఉన్న బొమ్మలు తీగ లేకుండా వైఫై మీద వచ్చి మెషీన్‌లో పడతాయట. కొనుక్కొచ్చిన రోజు భోజనాల బల్ల మీద పెట్టి మా ఆయన ఆ మాట చెప్పారు. "తీగ లేకుండా ఎలా వస్తాయి?" అన్నాను. "ఎలా వస్తే నీకెందుకు? వస్తాయి, అంతే," అన్నారు. నాకు కోపం రాలేదు. ఎలా వస్తాయో ఆయనకీ తెలియదని అర్థమైంది. కాకపోతే తెలియకపోయినా ఆయన హాయిగా భోజనం ముగించి చెయ్యి కడుక్కున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మాది బట్టల మీద పేర్లు, గుర్తులు కుట్టిచ్చే పని. బడిపిల్లల చొక్కా జేబులు, ఆసుపత్రి కోట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు. ఇంటి ముందు గది కొట్టు, వెనక వంటిల్లు, ఆ రెంటినీ కలిపే నడవలో మెషీన్. దాని ముందు కూర్చుంటే ఎడమ చేతి వైపు పొయ్యి, కుడి చేతి వైపు కస్టమర్లు. ఏ వైపు నుంచి పిలిచినా అందుబాటులో ఉంటానని అక్కడ పెట్టించారు. మెషీన్ పాతది, ఇంకొకరు వాడి వదిలేసింది. మా ఇంటికొచ్చిన రోజు దాని వరస సూదుల్ని చూసి నాకు భయమేసింది, మర్నాటికి ఆ భయం పోయి, ఇది ఎలా కుడుతుందా అన్న ఆరాటం పట్టుకుంది. అప్పటి నుంచి బొమ్మలు గీసేది నేనే. గీసినదాన్ని కంప్యూటర్‌లో కుట్లుగా మార్చేదీ నేనే. ఏ కుట్టు ముందు పడాలి, దారం ఎటు తిరగాలి, గుడ్డ ఎక్కడ ముడుచుకుంటుంది, అన్నీ తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. కొట్టుకొచ్చినవాళ్ళు బాగుందని మెచ్చుకుంటే మా ఆయన వినయంగా నవ్వి, "మా ఆవిడ ఇంట్లో ఖాళీయే కదండీ, కాస్త చూస్తుంటుంది," అనేవారు. ఆ ఖాళీ ఎక్కడుందో ఒకసారి చూడాలని నాకూ ఉండేది.

మెషీన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య బూడిదరంగు కేబుల్ ఒకటి ఉండేది, చిటికెన వేలంత లావు. బొమ్మ పంపే మీట నొక్కగానే ఆ కేబుల్‌లోంచి ఏదో వెళ్ళి సూదులకి సంగతి అందేది. ఏం వెళ్తుంది? పిట్ట బొమ్మ పిట్టలాగే వెళ్తుందా, ముక్కలై వెళ్తుందా? ఒకసారి మెషీన్ బాగుచేయడానికొచ్చిన మెకానిక్‌ని అడిగాను. అతను స్క్రూ బిగిస్తూ తలెత్తి, మా ఆయన వైపు తిరిగి, "డేటా వెళ్తుంది సార్, ఒక దాని వెనక ఒకటి, బిట్లు బిట్లుగా," అని చెప్పాడు. మా ఆయన అర్థమైనట్టు తలూపారు. ఇంకో ప్రశ్న వేశాను. దానికీ జవాబు ఆయనకే వెళ్ళింది. ప్రశ్నలు నావి, జవాబులు ఆయనవి. పక్కన నిలబడి ఏరుకున్నాను. బిట్లు బిట్లుగా అన్న ముక్క మాత్రం చాలా రోజులు నాలుక మీద ఆడింది.

ఇంతకీ ఆ డబ్బా ఎందుకొచ్చిందంటే, మా ఆయన వీధికి అవతల ఎదురుగా ఉన్న గది అద్దెకు తీసుకున్నారు. అద్దాల తలుపు, ఏసీ, కస్టమర్లు కూర్చోవడానికి సోఫా. కంప్యూటర్ అక్కడికి వెళ్తుంది, మా ఇంటి వైఫై అక్కడిదాకా అందుతుంది. మెషీన్ చప్పుడు చేస్తుంది కాబట్టి ఇంట్లోనే ఉంటుంది. "ఇక నీకు కంప్యూటర్ గొడవ ఉండదు," అన్నారు నాతో, పండు ఒలిచి చేతిలో పెడుతున్నంత ప్రేమగా. "నేనక్కడ నొక్కుతాను, ఇక్కడ కుడుతుంది. దారం తెగితే ఎక్కించడం, గుడ్డ మార్చడం, అంతే నీ పని."

"మరి బొమ్మలెవరు చేస్తారు?"

"ఎవరో ఒకర్ని పెడతాను. మొదట్లో నువ్వే నేర్పుదువుగానిలే."

ఆ మాటను అంట్లు తోముతూ ఎన్నిసార్లు తిప్పి చూశానో. గొడవ అంటే ఏది? రోజంతా నేను చేసే పనుల్లో గొడవ కానిదంటూ ఉంటే అది కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ కాసేపే. పొయ్యి మీద పాలు పెట్టి, పాలు పొంగేలోపు ఒక పూరేకు గీసేదాన్ని. అత్తయ్యకి మందులిచ్చి వచ్చి ఇంకో రేకు గీసేదాన్ని. ఆ రేకుల మధ్య నేను ఎవరికీ ఏమీ కాను, నాకు నేను ఉండేదాన్ని. అది తీసేసి, నా బరువు దించుతున్నానని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. నమ్ముతున్న మనిషితో పోట్లాడటం ఎలాగో నాకు తెలియలేదు. కంప్యూటర్ అటు తరలే ముందు రోజు నా బొమ్మలన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఆదివారం ఆయన డబ్బా ముందేసుకుని కూర్చున్నారు. కాసేపు నొక్కారు, కాసేపు విసుక్కున్నారు, టీ అడిగారు, ఇది పాడైన సరుకు అని తేల్చారు. "మెకానిక్ వస్తాడు, వాడే చూస్తాడు," అని చేతులు దులుపుకున్నారు. మెకానిక్ రాలేదు. ఒక హోటల్ వాళ్ళ తువ్వాళ్ళు గుట్టగా పడి ఉన్నాయి, ప్రతిదాని మూలన ఒక పిట్ట కుట్టాలి. వారాంతానికల్లా కావాలన్నారు. కేబుల్ నేల మీద చుట్ట చుట్టుకుని పడుంది. మెషీన్ ఊరుకుంది.

మెషీన్ ఊరుకున్న ఇల్లు నాకు వింతగా ఉంది. అత్తయ్య కూడా గమనించారు. "ఇవాళ తీరిగ్గా ఉన్నావుగా, కాస్త గూళ్ళన్నీ దులిపెయ్," అన్నారు, నడవలో కుర్చీ వేసుకుని ఒళ్ళో వెల్లుల్లి చేట పెట్టుకుంటూ. సరే అని గుడ్డ తీసుకున్నాను. గూట్లో డబ్బా ఉంది. దులపమన్నారు కదా, దులపడానికే చేతిలోకి తీసుకున్నాను.

తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. సాకెట్టుని మెషీన్ వెనక పిన్నులకి ఆనించి చూశాను, అచ్చంగా సరిపోయింది. కరెంటు వైరు పెట్టాను. మూడు లైట్లున్నాయి, ఒకటి నిలకడగా వెలిగింది, ఒకటి టకటకా కొట్టుకుంది, మూడోది వెలగనే లేదు. పాడైన సరుకు ఇలా కొట్టుకుంటుందా?

"ఏంటే అది, పురుగులా మిణుకుమంటోంది?" అన్నారు అత్తయ్య.

"మీ అబ్బాయి తెచ్చిన డబ్బా అత్తయ్యా."

"వాడు ముట్టుకోవద్దన్నాడుగా?"

"దులుపుతున్నాను."

అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి, వెల్లుల్లి వలుచుకున్నారు.

మా అమ్మాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్తూ వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. మూత నిలబడదు, గోడకి ఆనించాలి. దానికి ఆ తొమ్మిది పిన్నుల సాకెట్టు లేదు కాబట్టి కేబుల్ తగిలించే వీల్లేదు, వైఫై మాత్రం ఉంది. మెషీన్‌తో వచ్చిన డిస్కు వెతికి, బొమ్మల సాఫ్ట్‌వేర్ అందులోకి ఎక్కించాను. తర్వాత వైఫై పేర్ల వరస తెరిచి చూస్తే, మా ఇంటి పేరు, పక్కింటి పేరు, వాటి కింద అంకెలతో నిండిన కొత్త పేరు కనిపించింది. డబ్బా వెనక అంటించిన కాగితం మీద కూడా అవే అంకెలు. ఇంతసేపూ అది తన పేరు తాను చెప్పుకుంటూనే ఉందన్నమాట. ఎవరైనా పలకరిస్తారేమోనని వారం రోజులుగా ఎదురుచూస్తోంది.

దానికి కలిపాను. కాగితం మీదున్న అంకెలు కొట్టగానే ఒక పేజీ తెరుచుకుంది. యూజర్ పేరూ పాస్‌వర్డూ కూడా కాగితం మీదే ఉన్నాయి. లోపల గళ్ళే గళ్ళు. ఒక్కో గడి పక్కన ఒక్కో మాట. బాడ్ రేట్, పారిటీ, స్టాప్ బిట్. బిట్ అన్న మాట చూడగానే తెలిసినవాళ్ళు కనిపించినట్టయింది. మిగతావన్నీ కొత్త ముఖాలు. ఏది కదిపితే ఏం పోతుందో తెలియదు. కాగితం అడుగున ఒక ఫోన్ నంబరుంది.

రెండుసార్లు మోగాక ఒకమ్మాయి గొంతు వినిపించింది. "హలో, చెప్పండి."

నేను ఆలోచించనైనా ఆలోచించకుండా, "సార్ ఎవరైనా ఉంటే ఇస్తారా? డబ్బా గురించి అడగాలి," అన్నాను.

అటు పక్క చిన్న నవ్వు. "ఇక్కడ సార్‌ని నేనేనండీ. ఇంజనీర్ని. చెప్పండి."

ఇన్నేళ్ళు నన్ను దాటి అవతలికి చూసినవాళ్ళ మీద నాకెంత కడుపుమంటో నాకే తెలుసు. అలాంటిది నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా ఊడిపడింది! తడబడుతూ డబ్బా సంగతి చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "మీ దగ్గర టెక్నికల్‌గా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్? మీవారో, అబ్బాయో?" అంది.

"ఇక్కడ కూడా సార్‌ని నేనేనండీ," అన్నాను.

ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. ఆ నవ్వుతో మొహమాటం పోయింది. ఆ అమ్మాయి వెనకాల ఎక్కడో పసిబిడ్డ రాగం తీస్తోంది. "ఇంటి నుంచే పని," అంది ఆమె. "మా ఇంట్లోవాళ్ళ లెక్కలో నేను రోజంతా ఫోన్లో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటాను. సరే, ముందు మీ మెషీన్ ఎంత వేగంతో మాట్లాడుతుందో తెలుసుకోవాలి. దాని తెర మీద సెట్టింగ్స్ ఉంటాయి, చూడండి."

ఉన్నాయి. రోజూ దాటుకుని వెళ్ళిపోయే పేజీ అది. తొమ్మిది వేల ఆరువందలు అని ఒక అంకె. దాన్ని నేను ఎన్నిసార్లు చూసి ఉంటానో, అదేదో మెషీన్ నంబరనుకున్నాను.

"అదే బాడ్ రేట్. డబ్బాలో కూడా అదే పెట్టాలి. రెండు పక్కలా ఒకే వేగం ఉంటేనే ఒకరి మాట ఇంకొకరికి తెలుస్తుంది."

"తేడా వస్తే?"

"చెత్త వస్తుంది మేడమ్."

"ఎలాంటి చెత్త?"

"చూస్తారా?"

"చూస్తాను."

"ఇన్నేళ్ళలో చెత్త చూపించమన్నది మీరొక్కరే," అని నవ్వి, డబ్బా పేజీలో ఒక చిన్న కిటికీ తెరిపించింది. మెషీన్ ఏమంటే అది అందులో కనిపిస్తుందట. వేగం మార్చకుండానే మెషీన్ మీట నొక్కాను. కిటికీ నిండా పిచ్చి గీతలు, ఖాళీ చదరాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. అత్తయ్య కుర్చీలోంచి వంగి చూసి, "దీనికేదో పూనింది," అన్నారు. తర్వాత వేగం సరిచేసి మళ్ళీ నొక్కాను. తెల్లటి కిటికీలో శుభ్రంగా ఒకే ఒక మాట వచ్చింది. సిద్ధం అని, ఇంగ్లీషులో.

ఆ మాటను ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో తెలియదు. ఇన్నేళ్ళూ దాని దారాలు మార్చాను, నూనె వేశాను, దాని ముందు కూర్చుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. అది నోరు తెరిచి మాట్లాడగా వినడం ఇదే మొదటిసారి. పారిటీ అంటే ఏమిటని అడిగాను. వెళ్ళిన బిట్లు సరిగ్గానే వెళ్ళాయా అని చూసుకునే చిన్న తనిఖీ అంది. స్టాప్ బిట్ ఎందుకని అడిగాను. ఒక అక్షరం అయిపోయిందని చెప్పడానికట. ప్రతి అక్షరం తర్వాత కాస్త ఊపిరి. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా 'అది మీకెందుకు' అనలేదు. అడిగినదానికల్లా జవాబొస్తుంటే ఇంకా ఇంకా అడగాలనిపిస్తుందని, ఆ అడగడంలో ఇంత సంతోషం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

"ఇక దీన్ని మీ ఇంటి వైఫైలోకి పంపాలి. పాస్‌వర్డ్ చెప్పకండి, మీరే కొట్టండి," అంది.

అక్కడ నా బండి ఆగిపోయింది. మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ నాకు తెలియదు. నా ఫోన్‌లో ఆయనే పెట్టిచ్చారు. అత్తయ్య ఫోన్ తీసుకుని ఆయనకి చేశాను.

"పాస్‌వర్డా? ఇప్పుడెందుకు?"

"డబ్బాకి కావాలండీ."

"కెలకొద్దని చెప్పానా లేదా? ఉన్నది కాస్తా పోతే ఎవరు బాగుచేస్తారు? ఇక్కడ కస్టమర్లున్నారు. సాయంత్రం చూద్దాం."

పెట్టేశారు. నా ఫోన్‌లో ఆ అమ్మాయి అంతా వింది. "మీ ఫోన్ మీ వైఫైలోనే ఉందిగా అక్కా?" అంది. మేడమ్ కాస్తా అక్క ఎప్పుడైందో నేను గమనించలేదు. "సెట్టింగ్స్‌లో ఆ పేరు మీద నొక్కి, షేర్ అని ఉంటుంది చూడండి. దాని కింద రాసి ఉంటుంది."

ఉంది. ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఉంది. మా ఆయన పేరు, దాని పక్కన బాస్ అన్న మాట, ఆ పక్కన ఒకటి రెండు మూడు. నేను గట్టిగా చదివాను. అత్తయ్య ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత ఒళ్ళో చేట ఎగిరిపడేలా నవ్వారు. "చిన్నప్పుడు పలకల మీద కూడా ఇదే రాసుకునేవాడు వెధవ," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. ఆమె అలా నవ్వగలరని కూడా నాకు తెలియదు.

అది పేజీలో కొట్టగానే డబ్బా మీద మూడో లైటు వెలిగింది.

పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న పిట్టని ల్యాప్‌టాప్ నుంచి పంపాను. సూది కదిలింది. తువ్వాలు మూలన ముక్కు వచ్చింది, తల వచ్చింది, రెక్క సగం వచ్చింది. తీగ లేదు, మధ్యలో ఉత్త గాలి. అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని, "గోడలూ తలుపులూ దాటి ఆ బొమ్మకి దారెలా తెలుస్తుందే?" అన్నారు. నేను చెప్పబోయేంతలో సూది ఉన్నట్టుండి పక్కకి దూకి, తోకను తీసుకెళ్ళి ముక్కు మీద కుట్టేసింది. గబుక్కున ఆపాను. ఆయన గొంతు నా చెవిలో వినిపించింది, ఎవరు బాగుచేస్తారు అని.

"కంగారుపడకండి అక్కా. ఫ్లో కంట్రోల్ పెట్టలేదు మనం. మీ మెషీన్ పాతది, ఒక్కసారిగా అంతా మింగలేదు. నోరు నిండగానే ఆగమంటుంది. ఇటుపక్క ఆ మాట వినే ఏర్పాటు లేకపోతే పోస్తూనే ఉంటుంది. మధ్యలో కుట్లు కింద పడిపోతాయి."

"ఆగమంటుందా? ఎలా అంటుంది?"

"ఆ తొమ్మిది పిన్నుల్లో రెండు దానికోసమే ఉన్నాయి. ఒకటి పంపమంటావా అని అడగడానికి, ఒకటి పంపు, ఆగు అని చెప్పడానికి."

"ఇదివరకు కేబుల్‌లో కూడానా?"

"ఎప్పటి నుంచో ఉన్నాయి."

నేను మెషీన్ వెనక్కి వెళ్ళి ఆ సాకెట్టుని కాసేపు చూశాను. ఏవి ఆ రెండు? చూపుకి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇనప మెషీన్ తయారుచేసినవాళ్ళకి అది నిండిపోతుందని తోచింది, ఆగమని చెప్పుకోవడానికి దారి ఉంచారు. చెప్పాక అవతలివాళ్ళు ఆగి తీరాలి. అందులో మెషీన్ తప్పుందని, దానికి ఓపిక లేదని ఎవరూ అనుకోరు. నేను మా ఇంట్లో ఆగమని ఎప్పుడన్నాను? అన్నట్టు గుర్తు లేదు. ఎవరూ వినరని అనలేదా, అనలేదు కాబట్టి ఎవరూ వినలేదా అన్నది తేల్చుకోవాలనిపించింది. అంతలో వంటింట్లో కుక్కర్ కూసింది. నేను కదలబోయాను.

"నేను కట్టేస్తాలే, నువ్వు ఆ పిట్ట సంగతి చూడు," అని అత్తయ్య లేచారు, మోకాళ్ళు పట్టుకుని.

ఫ్లో కంట్రోల్ గడిలో టిక్కు పెట్టాను. కొత్త తువ్వాలు బిగించి మళ్ళీ పంపాను. ఈసారి సూది కుట్టి, కాస్త ఆగి, మళ్ళీ కుట్టి, తోక చివరిదాకా వచ్చి నిలబడింది. నా పిట్ట. ఎక్కడా ఒక కుట్టు తప్పలేదు.

"ఇంకొక్కటే ఉంది అక్కా," అంది ఆ అమ్మాయి. "డబ్బాకి ముందు నుంచి ఉన్న పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. మార్చేయండి. ఏ కంప్యూటర్లు దీనికి బొమ్మలు పంపొచ్చో కూడా అక్కడే పెట్టుకోవచ్చు. ఎవరెవర్ని రానివ్వాలి?"

"అది నేను చెప్పాలా?"

"పెట్టింది మీరేగా."

అప్పటికి నా మనసులో ఎవరి మీదా పంతం లేదు. ముందు ఒక్క ల్యాప్‌టాప్‌తో నిలకడగా నడుస్తుందో లేదో చూద్దామనుకున్నాను. దాని ఒక్కదానికే దారి ఇచ్చాను. కొత్త పాస్‌వర్డ్ ఆలోచించి ఆలోచించి కొట్టాను. "మాక్కూడా చెప్పకండి," అంది ఆ అమ్మాయి. "ఎవరికైనా చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం." బిడ్డ ఏడుపు గట్టిదైంది. ఆమె పేరు అడుగుదామనుకునేంతలో ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నమంతా మెషీన్ నడిచింది. నేను తువ్వాళ్ళు మారుస్తూ ల్యాప్‌టాప్‌లో ఆసుపత్రి కోట్ల అక్షరాలు కూడా మొదలుపెట్టాను. వంట ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు.

దీపాలు పెట్టే వేళకి మా ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గొంతు హుషారుగా ఉంది. "మెషీన్ చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. డబ్బా దానంతటదే పనిచేసేసిందన్నమాట! హోటల్ మేనేజరుగారు వచ్చారు, ఇక్కడ నొక్కితే అక్కడ కుడుతుందని చూపిద్దామని పంపాను. అనుమతి లేదంటోంది, ఏంటది?"

"ల్యాప్‌టాప్‌కి ఒక్కదానికే ఇచ్చానండీ అనుమతి."

"ఇవ్వడమేంటి? ఎవరిచ్చారు?"

"నేనే. పొద్దున కూర్చుని పెట్టాను."

ఆయన గొంతు తగ్గించి, "సరే సరే, పాస్‌వర్డ్ చెప్పు. నేను మార్చుకుంటాను. ఆయన ఎదురుగా ఉన్నారు," అన్నారు.

చెప్పడం ఎంతసేపు? నోటి చివరే ఉంది. ఆయన చెడ్డవారు కాదు, అడిగే తీరు కూడా విసురుగా లేదు. చెబితే ఇప్పుడే ఆయన మురిసిపోతారు, రాత్రికి బాగా పెట్టావని మెచ్చుకుంటారు కూడా. రేపటి నుంచి ఎవరో అక్కడ నొక్కుతారు, నేనిక్కడ దారాలు ఎక్కిస్తుంటాను, ఎల్లుండి ఆ ఎవరికో రేకులు గీయడం నేర్పుతాను. అది నాకు ఇష్టమేనా అని నన్ను నేను అడిగాను. ఇంతకాలం ఎవరెవరినో ఏమేమో అడిగాను కానీ, ఈ ప్రశ్న వేయాల్సిన మనిషి దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు. జవాబు వెంటనే వచ్చింది.

"పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటుందండీ," అన్నాను. "బొమ్మలు చేసేది నేను కాబట్టి మెషీన్‌కి పంపేదీ నేనే. ఇంకెవర్నీ పెట్టక్కర్లేదు. కొత్త పని ఏదైనా వస్తే నాకు పంపండి."

"ఇది మాట్లాడుకునే సమయమా? ఆయన ఆ పిట్ట తోక మార్చమంటున్నారు. ఏం చెప్పమంటావు నన్ను?"

"మీరేం చెప్పక్కర్లేదు. ఫోన్ ఆయనకివ్వండి."

"ఎవరికి?"

"మేనేజరుగారికి."

ఏసీ రొద వినిపించింది. ఏదో గొణుగుడు వినిపించింది. ఆయన ఇవ్వరేమో అనుకున్నాను. ఇవ్వకపోతే చెప్పులు వేసుకుని వీధి దాటి వెళ్దామని కూడా అనుకున్నాను. అంతలో ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. కొత్త గొంతు కాస్త ఆశ్చర్యంగా, "హలో, ఈ పిట్టని గీసింది మీరా అండీ?" అంది.

"నేనేనండీ," అన్నాను. "ముందు నాకొకటి చెప్పండి. ఆ తోక మీకెందుకు నచ్చలేదు?"